పక్క ఊరికి సందుల్లోంచి నడిచే దారి: వీధులు తర్వాత, ముందు దాటే చోట్లు చూడండి

మీరు అడిగింది ఇదీ: రెండు ఊళ్ళ మధ్య 8 కిలోమీటర్లు. మెయిన్ రోడ్డు వెంట నడిస్తే వాహనాల హోరు, పొగ. ఇళ్ళ మధ్య నుంచి, వెనక వీధుల్లోంచి నడిచిపోయే దారి కావాలి. మూడుసార్లు బయల్దేరితే మూడుసార్లూ రైలు పట్టాల దగ్గర ఆగిపోయి మళ్ళీ మెయిన్ రోడ్డే ఎక్కాల్సి వచ్చింది. ఫోన్ మ్యాప్ చూసినా మెయిన్ రోడ్డే చూపిస్తోంది. అసలు అలాంటి దారి ఉంటుందా అని.

దాదాపు ఎప్పుడూ ఉంటుందండి. మీరు వెతికిన క్రమమే తలకిందులుగా ఉంది. ఇంటి గుమ్మం దిగి, ప్రశాంతంగా కనిపించిన వీధి పట్టుకుని, అది ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళారు. నేనూ మొదట్లో చాలాకాలం ఇదే చేశాను. మంచి వీధుల్లో మూడు కిలోమీటర్లు హాయిగా నడిచాక ఎదురుగా గోడో, కాలువో, పట్టాలో వస్తాయి. వెనక్కి తిరగాలంటే ప్రాణం ఒప్పదు. ఆ అడ్డం వెంటే నడుచుకుంటూ పోతే చివరికి తేలేది మెయిన్ రోడ్డు వంతెన దగ్గరే.

అందుకని వీధులను కాసేపు పక్కన పెట్టండి. మ్యాప్ మీద మీ ఇంటి నుంచి పక్క ఊళ్ళో మీరు చేరాల్సిన చోటికి ఒక తిన్నని గీత గీయండి. ఆ గీతను అడ్డంగా కోస్తున్నవేమిటో చూడండి. రైలు పట్టాలు, నది, కాలువ, బైపాస్, పెద్ద ఫ్యాక్టరీ ప్రహరీ, శ్మశానం, విశ్వవిద్యాలయం ఆవరణ, ఇలాంటివన్నమాట. 8 కిలోమీటర్లలో మామూలుగా రెండు నుంచి నాలుగు తగులుతాయి. ఒక్కోదాన్ని గీతకు అటూ ఇటూ కిలోమీటరున్నర మేర జాగ్రత్తగా గాలించి, మనిషి కాలినడకన దాటగల ప్రతి చోటా ఒక చుక్క పెట్టండి. రోడ్డు వంతెన, ఫుట్ ఓవర్ బ్రిడ్జి, పట్టాల కింద సబ్‌వే, లెవెల్ క్రాసింగ్, కాలువ మీద చిన్న కల్వర్టు, ఏదైనా సరే. ఒక్కో అడ్డానికి మహా అయితే మూడు నాలుగు చుక్కలు వస్తాయి. మీ దారి అంటే ఆ చుక్కల్ని కలపడమే. మధ్యలో ఏ వీధి పట్టుకున్నా మార్చుకోవచ్చు, కానీ వంతెన లేని చోట వంతెన తేలేం కదా.

మీ రైలు పట్టాల సంగతే తీసుకుందాం. మీరు చెప్పినదాన్ని బట్టి నాలుగు చోట్లున్నాయి: మెయిన్ రోడ్డు ఓవర్ బ్రిడ్జి, స్టేషన్లో మెట్ల వంతెన, ఇళ్ళ మధ్య ఒక సబ్‌వే, దూరంగా ఒక లెవెల్ క్రాసింగ్. మొదటి చూపులో సబ్‌వేదే గెలుపు. కానీ పట్టాల కింద సబ్‌వే అంటే చుట్టుపక్కల నేలంతటికీ పల్లం, వాన పడితే నీళ్ళు చేరేది అక్కడే. మోటారుతో తోడేస్తే తప్ప పోవు. గోడల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో ఎండాకాలంలో కూడా కనిపిస్తుంది. ఒకసారి వెళ్ళి చూసి రండి, మోకాలి ఎత్తున చార ఉంటే వానాకాలానికి ఇంకో దారి చూసుకోవాల్సిందే. స్టేషన్ వంతెన విషయంలో చూడాల్సింది ఒకటే: అది టికెట్ గేట్ల లోపల ఉందా, బయట ఉందా. లోపల ఉంటే మన లెక్కలోంచి తీసేయండి. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడితే పావుగంట పోవచ్చు, అయినా అది దారే. గేటు కింద నుంచి దూరడం మాత్రం వద్దు. అటువైపు నుంచి రెండో బండి వస్తుంటే మొదటి బండి చప్పుడులో అది వినపడదు.

ఇక మెయిన్ రోడ్డు ఓవర్ బ్రిడ్జిని అంటరానిదన్నట్టు కొట్టేయకండి. దాని మీద ఫుట్‌పాత్ ఉండి, 300 మీటర్లలో పని అయిపోయేట్టయితే, దాన్ని తప్పించుకోవడానికి కిలోమీటరున్నర చుట్టు తిరగడం నాకు నచ్చదు. నాలుగు నిమిషాల హోరు భరించి మళ్ళీ సందులో పడొచ్చు. మొత్తం దారిలో మెయిన్ రోడ్డు అడుగు కూడా తగలకూడదని పట్టుబట్టేవాళ్ళున్నారు. వాళ్ళ దారులు మ్యాప్ మీద చూడ్డానికి అందంగా ఉంటాయి, నడవడానికి రెండోసారి ఎవరూ వెళ్ళరు.

చుట్టు ఎంతవరకు సమంజసం అంటే, నా మటుకు నేను మెయిన్ రోడ్డు దూరం మీద పాతిక శాతం వరకు ఒప్పుకుంటాను. మీ 8 కిలోమీటర్లు 10 అయితే ఫర్వాలేదు, 11 దాటితే ఎక్కడో చుక్క తప్పు ఎంచుకున్నట్టు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మలుపులు ఎక్కువైతే దూరం పెరిగిపోతుందనుకుంటారు. చదరంగం బల్లలా గళ్ళు గళ్ళుగా వేసిన వీధుల్లో ఒక మూల నుంచి ఎదుటి మూలకు వెళ్ళాలనుకోండి. ముందు తిన్నగా చివరిదాకా పోయి అక్కడ ఒక్కసారి తిరిగినా, వీధి వీధికీ తిరుగుతూ మెట్లు మెట్లుగా పోయినా, వెనక్కి నడవనంతవరకు దూరం ఒక్కటే. కొలిచి చూసుకోండి. చతురస్రంలో అయితే అది తిన్నని గీతకు 1.41 రెట్లు, అంతకు మించదు. కాబట్టి గళ్ళ వీధులున్న పేటల్లో దూరం గురించి బెంగ పెట్టుకోకుండా ఏ వీధి ప్రశాంతంగా ఉంటే ఆ వీధి పట్టుకోవచ్చు. నీడ ఎటువైపు ఉంటే అటు తిరగొచ్చు. నిజంగా దూరం పెంచేవి మలుపులు కావు, అడ్డాలూ, ఇంకో చివర తెరుచుకోని వీధులూను.

ఆ మూసుకుపోయిన వీధులు ఎక్కువగా తగిలేది రెండు ఊళ్ళూ కలిసే చోట. ఈ ముక్క కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దారులన్నీ తెగేది ఇక్కడే. ఏ ఊరి వీధులు ఆ ఊరి నడిబొడ్డుకేసి చూస్తుంటాయి. పొలిమేర దగ్గరికొచ్చేసరికి ఒక ఊరి లేఅవుట్‌కూ ఇంకో ఊరి లేఅవుట్‌కూ పొంతన ఉండదు. అటు వీధి ఇటు వీధికి ఎదురుగా రాదు. ఇద్దరిలో ఎవరికీ కలపాల్సిన అవసరం పడలేదు, ఎందుకంటే కలపడానికి మెయిన్ రోడ్డు ఉందిగా. మ్యాప్ మీద చూస్తే రెండు దువ్వెనలు ఎదురెదురుగా పెట్టినట్టుంటాయి, పళ్ళ మధ్య పలచటి ఖాళీ.

పైగా, వాహనాలు అడ్డంగా దూరకుండా వీధి చివర కావాలనే మూసేసి కట్టడం ఇరవయ్యో శతాబ్దపు పట్టణ ప్రణాళికలో పెద్ద పద్ధతి. అమెరికాలోని న్యూజెర్సీలో 1929లో మొదలైన రాడ్‌బర్న్ అనే పేట దానికి పేరుమోసిన నమూనా. పట్టణ ప్రణాళికలు వేసే క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ దాన్ని వేసినప్పుడు కార్లకు మూసిన వీధులతో పాటు ఇళ్ళ వెనక నుంచి నడిచేవాళ్ళకు వేరే బాట, రోడ్డు కింద నుంచి దాటే దారి కూడా పెట్టారు. తర్వాత ప్రపంచమంతా కాపీ కొట్టినవాళ్ళలో చాలామంది మూసిన వీధుల్ని తీసుకుని నడక బాటల్ని వదిలేశారు. అయినా అన్నిచోట్లా వదల్లేదు. అందుకే మ్యాప్‌లో మూసుకున్నట్టు కనిపించే ప్రతి వీధి చివరా కళ్ళతో చూస్తే తప్ప నమ్మకూడదు. కారుకు మూసుకున్నది కాలికి తెరిచి ఉండొచ్చు.

నాకు బాగా గుర్తున్న చోటు ఒకటుంది. మ్యాప్‌లో వీధి గోడతో ఆగిపోతుంది, అంతే. వెళ్ళి నిలబడ్డాను, నిజంగానే గోడ. తిరిగొచ్చేద్దామనుకుంటూ కిందికి చూస్తే తారు అయిపోయాక ఉన్న గడ్డిలో ఒక అడుగు వెడల్పున మట్టి గట్టిపడి నున్నగా మెరుస్తోంది. ఆ చార కుడివైపు ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి పోతోంది. దాని వెంట వెళ్తే గోడకీ పక్కింటి ప్రహరీకీ మధ్య భుజాలు పట్టేంత సందు, మధ్యలో బండ్లు దూరకుండా పాతిన ఒక ఇనప గుంజ. గుంజ మీద రంగంతా పోయింది, నడుం ఎత్తున ఒక్క చోట మాత్రం అద్దంలా తళతళలాడుతోంది. దాటే ప్రతివాళ్ళూ చెయ్యి వేసి దాటడం వల్ల. అటు చూస్తే పక్క ఊరి వీధి. నేను అక్కడుండగానే సైకిల్ను నిలువుగా ఎత్తి పట్టుకుని ఒకాయన అటునుంచి ఇటు వచ్చి, నావైపు వింతగా చూసి వెళ్ళిపోయాడు. ఆయనకది రోజూ నడిచే దారి, నాకు మూడు వారాల వెతుకులాట.

కాబట్టి మూసిన వీధి చివర నిలబడినప్పుడు ఎదురుగా కాదు, కిందికి చూడండి. అరిగిన గడ్డి, సైకిల్ టైరు గుర్తు, వంగిన కంచె తీగ ఉన్నాయా అని. ఇంకో పని, అక్కడ ఉండేవాళ్ళను అడగడం. అయితే అడిగే తీరు ముఖ్యం. "పక్క ఊరికి దారి ఎటు?" అంటే అందరూ మెయిన్ రోడ్డు చూపిస్తారు, మీ మంచి కోరి. "గోడవతల ఆ వీధిలోకి నడిచి వెళ్ళొచ్చా?" అని దగ్గరి చోటు పేరు పెట్టి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఫోన్ మ్యాప్ మీకు మెయిన్ రోడ్డే ఎందుకు చూపిస్తోందంటే, అది చూసేది తక్కువ సమయం, తక్కువ దూరం. చప్పుడూ పొగా దాని లెక్కలో లేవు. పైగా ఇలాంటి సందులు దాని దగ్గర ఉన్న మ్యాప్‌లోనే ఉండకపోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఇక్కడ బాగా పనికొస్తుంది. స్టీవ్ కోస్ట్ 2004లో మొదలుపెట్టిన ఈ మ్యాప్‌ను నడిచేవాళ్ళూ సైకిల్ తొక్కేవాళ్ళూ వాళ్ళంతట వాళ్ళే దిద్దుతుంటారు కాబట్టి కాలిబాటలు, మెట్లు, గేట్లు కూడా కనిపిస్తాయి. నివాస వీధి, పెద్ద రోడ్డు, కాలిబాట అని ఒక్కో గీతకు రకం రాసి ఉంటుంది. ఓఎస్ఎమ్‌అండ్ లాంటి యాప్‌లో దాన్ని డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఆ మ్యాప్ మీదే దారి గీసిపెట్టే సాధనం బీరౌటర్ అని ఇంకోటుంది, ఏ రకం రోడ్డును ఎంతగా తప్పించాలో మనమే చెప్పి దారి గీయించుకోవచ్చు. ఎంత గీయించినా అది ముసాయిదాయే. వీధి ఫొటోలు చూసేటప్పుడు అవి ఏ నెల, ఏ సంవత్సరంలో తీసినవో చూడండి. అయిదేళ్ళ కిందటి ఫొటోలో తెరిచి ఉన్న సందు ఇవాళ గేటు పడి ఉండొచ్చు. ఉపగ్రహ చిత్రంలో చెట్ల నీడ కింద బాట ఉందో లేదో తెలియదు, నేలకు పడిన వంతెన నీడ మాత్రం భలే పట్టిస్తుంది. చిన్న ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు నాకు ఎక్కువగా అలాగే దొరికాయి.

ఇక ప్రశాంతత. మెయిన్ రోడ్డుకు ఎంత దూరం జరిగితే అంత మంచిదని కొందరు అరకిలోమీటరు పక్కకి వెళ్ళిపోతారు. అక్కర్లేదు. ఎడతెగని ట్రాఫిక్ ఉన్న రోడ్డుకు మన దూరం రెట్టింపైతే శబ్దం తగ్గేది దాదాపు 3 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క). చెవికి హోరు సగమైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ తగ్గాలి. అంటే 10 మీటర్ల నుంచి 100 మీటర్లకు జరగాలి, అదీ ఖాళీ మైదానంలో. కానీ మధ్యలో ఇళ్ళు సందు లేకుండా వరసగా ఆనుకుని ఉంటే ఆ ఒక్క వరసే అంత పనీ చేసేస్తుంది. కాబట్టి మెయిన్ రోడ్డుకు సమాంతరంగా ఉన్న రెండో వీధి చాలు. మొదటి వీధి ఎందుకు వద్దంటున్నానంటే, మెయిన్ రోడ్డు దుకాణాల సరుకు దింపడం, పార్కింగ్, చెత్త డబ్బాలు అన్నీ అక్కడికే చేరతాయి. రెండో వీధికి ఆ గొడవ ఉండదు.

వేళను బట్టి కూడా మారుతుంది. పదకొండింటికి పిట్ట కూత వినపడే వీధి ఎనిమిదిన్నరకు బండ్లతో కిటకిటలాడుతుంటుంది. ఆ వీధి సిగ్నల్ తప్పించుకునే అడ్డదారి అని వాహనాల వాళ్ళకూ తెలిసిపోయింది మరి. అది తెలుసుకోవడానికి ఉదయం రద్దీ వేళ ఒకసారి వెళ్ళి ఆ వీధి రెండు చివర్లా ఏముందో చూడండి. రెండు చివర్లా పెద్ద రోడ్లే ఉండి మధ్యలో తిన్నగా ఉన్న వీధిని నేను నమ్మను. కాస్త వంకర తిరిగిందీ, మధ్యలో గుంజలు పాతిందీ, వేగం తగ్గించే గట్లున్నదీ నయం. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1960ల చివర్లో ఇళ్ళ ముందు వీధుల్ని కావాలనే ఇలా మెలికలు తిప్పి, చెట్లూ బల్లలూ అడ్డం పెట్టి, బండి నడకవేగానికి దిగేలా చేశారు. దానికి వూనెర్ఫ్ అని పేరు పెట్టి 1976లో చట్టంలోకీ తెచ్చారు. మన దారిలో అలాంటి వీధులు ఎవరూ కట్టి ఉండకపోవచ్చు, పాతబడి వాటంతట అవే అలా తయారైనవి మాత్రం బోలెడు.

అలాగని చప్పుడు లేని ప్రతి చోటూ మంచిది కాదు. రెండువైపులా గోదాముల గోడలు, ఒక్క కిటికీ లేదు, 400 మీటర్లు తిన్నగా. డెసిబెల్స్ లెక్కలో అది స్వర్గమే. ఒంటరిగా సాయంత్రం ఆరు దాటాక నడవాలంటే మాత్రం నేనూ వెనక్కి చూసుకుంటాను, ఆడవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. నేను చూసేది గుమ్మాలు. వీధిలోకి గుమ్మాలూ కిటికీలూ తెరుచుకుని, అరుగు మీదో బాల్కనీలోనో మనుషులుంటే ఆ వీధి నడవొచ్చు. వెలుగుండగా ఒక దారి, చీకటి పడితే ఇంకో దారి అని రెండు రాసి పెట్టుకోవడంలో నామోషీ లేదు.

పెద్ద రోడ్డు దాటే చోటు కూడా కొలుచుకోండి. సిగ్నళ్ళ సమయం లెక్కేసేటప్పుడు చాలాకాలంగా వాడుతున్న నడక వేగం సెకనుకు 1.2 మీటర్లు. అమెరికాలో 2009 నుంచి దాన్ని సెకనుకు 3.5 అడుగులకు, అంటే 1.07 మీటర్లకు తగ్గించారు. 20 మీటర్ల వెడల్పు రోడ్డు ఆ పాత లెక్కన 17 సెకన్లు. మీతో పెద్దవాళ్ళుండి సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే 25 సెకన్లు. మధ్యలో నిలబడే దిమ్మె లేకపోతే ఆ ఎనిమిది సెకన్లు ఎక్కడ నిలబడతారు? అలాంటి చోట 200 మీటర్లు పక్కకెళ్ళి దిమ్మె ఉన్న చోట దాటండి.

నడిచి చూసేటప్పుడు రెండు దిక్కులా నడవండి. వెళ్ళేటప్పుడు ఎదురుగా కనిపించిన సందు, వచ్చేటప్పుడు వీపు వెనక ఉండి తప్పిపోతుంది. పైగా గేట్లకు వేళలుంటాయి. పార్కు మధ్య నుంచి అద్భుతమైన దారి గీసి, అందరికీ చెప్పి, పదిమందిని వెంటేసుకుని తిరిగొస్తుంటే సాయంత్రం ఆరున్నరకు దానికి తాళం. తాళం వేసేవాళ్ళ తప్పేం లేదు, బోర్డు మీద వేళ రాసే ఉంది, లోపలివైపు. నేను చదివింది బయటివైపు ఉన్న బోర్డు. ఆ రోజు మావాళ్ళు నన్ను పెట్టిన చీవాట్లు ఇప్పటికీ అప్పుడప్పుడూ వినపడుతుంటాయి.

వేగం గంటకు 5 కిలోమీటర్లని లెక్కేసుకుంటారు. సందుల్లో మలుపులూ క్రాసింగులూ కలుపుకుని నాకు 4 మించి రాదు. మీ 10 కిలోమీటర్లకు రెండున్నర గంటలు పెట్టుకోండి. ఇరుకు సందుల్లో జీపీఎస్‌ను గుడ్డిగా నమ్మకండి. ఆకాశం బాగా కనిపించే చోట ఫోను 5 మీటర్ల తేడాలో చెప్తుంది. ఎత్తైన గోడల మధ్య సిగ్నల్ వాటికి తగిలి తిరిగొచ్చి, మిమ్మల్ని పక్క వీధిలో చూపిస్తుంది. మనకు పక్క వీధి అంటే తప్పు వీధి. అందుకే నేను గుర్తులు రాసుకుంటాను, అదీ కదలనివి: నీళ్ళ ట్యాంకు, మెట్ల బావి, మూడు వీధుల కూడలి. "నీలం రంగు గేటు దగ్గర ఎడమకు" అని రాసుకున్న ఒక దారి మరుసటేడు పనికిరాకుండా పోయింది, గేటుకు రంగేశారు.

మలుపులు పది పదిహేనుకు మించి గుర్తుండవు కనుక, దారి తేలాక దాన్ని సరళం చేయండి. మొదటి ముసాయిదాలో నలభై మలుపులున్నా ఫర్వాలేదు. "నీళ్ళ ట్యాంకు దాకా తిన్నగా" అనగలిగే ముక్కలుగా విడగొడుతూ పోతే పన్నెండుకో పదిహేనుకో వస్తాయి. కాస్త అందమైన వీధి వదులుకోవాల్సి వచ్చినా వదులుకోండి. దారి అడగకుండా ఇంకొకళ్ళు నడవగలిగినప్పుడే అది దారి.

ఇంకొకళ్ళు అంటే గుర్తొచ్చింది, బ్రిటన్‌లో స్లో వేస్ అని ఒక పని జరిగింది. డేనియల్ రేవెన్-ఎలిసన్ మొదలుపెట్టారు. 2020 లాక్‌డౌన్‌లో సుమారు 700 మంది ఇళ్ళలో కూర్చుని ఒక ఊరి నుంచి పక్క ఊరికి నడక దారులు మ్యాప్ మీద గీశారు, 7,000కు పైగా వచ్చాయి. గీయడంతో సరిపెట్టలేదు. ఒక్కోదాన్ని వేరేవాళ్ళు నడిచి, ఎక్కడ బురద, ఎక్కడ మెట్లు, చక్రాల కుర్చీ పోతుందా లేదా అని రాస్తే తప్ప దాన్ని ఖాయం చేయకూడదని పెట్టుకున్నారు. మీరూ గీసింది మీరే ఖాయం చేసుకోకండి. దారి తెలియని స్నేహితుడి చేతికి మీ కాగితం ఇచ్చి, మీరు నోరు మూసుకుని వెనక నడవండి. ఆయన ఎక్కడ ఆగి అటూ ఇటూ చూస్తాడో అక్కడ మీ కాగితం తప్పు.

ఈ ఆదివారానికి మొత్తం దారి పెట్టుకోవద్దు. రైలు పట్టాల మీది ఆ నాలుగు చోట్లే చూసి రండి. సబ్‌వేలో నీటి చార ఎంత ఎత్తున ఉందో, స్టేషన్ వంతెన గేటు లోపలో బయటో, ఓవర్ బ్రిడ్జి మీద ఫుట్‌పాత్ రెండువైపులా ఉందో ఒకవైపేనో ఫొటోలతో పెట్టండి. పొలిమేర దగ్గర మూసుకున్న వీధులు ఎన్నో కూడా లెక్కపెట్టి రాస్తే, ముందు ఏ చివర చూడాలో చెప్తాను.